పిల్లలు చెట్టు మీంచి పడితే కిడ్నీ సంగతి కూడా అడగండి

చింతపండు సీజన్ వస్తోంది. మన ఊళ్లలో చెట్టెక్కే పిల్లలు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు. ఎవరైనా పడితే మనం చూసేది చెయ్యి విరిగిందా, తల పగిలిందా అనే. నడుం పక్కన తగిలిన దెబ్బని ఎవరూ పట్టించుకోరు. అందుకే ఈ పోస్టు.

ఒంటి సైజుతో పోలిస్తే పిల్లల కిడ్నీలు పెద్దవి. వాటి చుట్టూ కొవ్వు తక్కువ, కింది పక్కటెముకలు ఇంకా మెత్తగా ఉంటాయి. కాబట్టి పైకి గీత కూడా లేకుండా లోపల కిడ్నీ చిట్లిపోవచ్చు.

పోయినేడు మా ఊళ్లో అదే అయ్యింది. మాకు తమ్ముడు వరసయ్యే పదేళ్ల పిల్లాడు చింతచెట్టు మీంచి పడ్డాడు. గాయం లేదు, ఎడమ పక్క నొప్పి అన్నాడంతే. సాయంత్రానికి మూత్రం ఎర్రగా వచ్చింది. వేడి చేసిందిలే, మజ్జిగ పట్టండి అన్నారు పెద్దోళ్లు. వాళ్లమ్మ వినలేదు. డోలీలో రోడ్డు దాకా మోసుకెళ్లి, అక్కణ్ణుంచి 108 ఎక్కించాం.

మొదట చూసిన ఆసుపత్రిలో కడుపుకి అల్ట్రాసౌండ్ తీసి, లోపల రక్తం లేదు, ఇంటికి తీసుకుపొండి అన్నారు. పిన్ని కదల్లేదు. నీళ్ల సీసాలో పట్టి తెచ్చిన మూత్రం తీసి డ్యూటీ డాక్టరు బల్ల మీద పెట్టింది. ఆయన అది చూసి వెంటనే పెద్దాసుపత్రికి రాసిచ్చాడు.

అక్కడ నరానికి మందు ఎక్కించి సీటీ స్కాన్ తీశారు. కిడ్నీ చీలింది, చుట్టూ రక్తం గడ్డ కట్టింది. కాసేపు ఆగి మళ్లీ తీశారు. ఎందుకని అడిగితే, ఆ మందు మూత్రంలోకి దిగడానికి కొంత సమయం పడుతుందని, మూత్రం బయటికి కారుతుంటే అప్పుడే కనిపిస్తుందని చెప్పారు. కారడం లేదు. ఆపరేషన్ అక్కర్లేకపోయింది. మంచం మీదే పడుకోబెట్టి, బీపీ, రక్తం చూసుకుంటూ నయం చేశారు. తర్వాత చెకప్‌లకి అల్ట్రాసౌండే సరిపోయింది.

కిడ్నీ దెబ్బల్ని 1 నుంచి 5 గ్రేడులుగా చూస్తారు. పిల్లల్లో చాలావాటికి కోత అవసరం రాదు. కానీ ఏ గ్రేడో తెలియాలంటే సీటీ కావాలి. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, మంచిదే, కానీ చీలిక దానికి అందకపోవచ్చు. సీటీలో రేడియేషన్ ఉంటుంది కాబట్టి పడ్డ ప్రతి పిల్లాడికీ తియ్యమని పట్టుబట్టకూడదు. అవసరమా కాదా డాక్టరు తేల్చాలి, ఆయనకి కావలసిన సంగతులు మనం చెప్పాలి.

ఎంత ఎత్తు నుంచి పడ్డాడు, ఏ పక్క తగిలింది, మూత్రం ఏ రంగులో వచ్చింది, ఈ మూడూ చెప్పండి. మూత్రం పరీక్ష చెయ్యమని అడగండి. కంటికి మామూలుగా ఉన్నా అందులో రక్తం ఉండొచ్చు. ఒక్కోసారి పెద్ద దెబ్బలో కూడా రక్తం కనపడదు, కాబట్టి పక్క నొప్పి, వాపు, వాంతులు ఉంటే వదలొద్దు.

చదివి ఊరుకోకండి. ఫోన్ లేని ఇళ్లకి మన భాషలో నోటితో చెప్పండి. ఆశా అక్కకి, హాస్టల్ వార్డెన్‌కి కూడా చెప్పండి. పిన్నికి చదువు రాదు. అయినా ఆ సీసా తేవాలని తోచింది ఆవిడకే.