రాహువుకొక దస్త్రం

ఫోర్ట్రాన్ అన్న మాట తెలుగు పండితుని నోట వినవస్తే చదువరులు ముసిముసిగా నవ్వుకోవచ్చు. మూడు దశాబ్దాలకు పైగా గోదావరి జిల్లాల ఉన్నత పాఠశాలలలో సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. కంప్యూటరుతో నా పరిచయం తెలుగు టైపు చేయడం వరకే. అటువంటి నాకు ఆ భాషతో చుట్టరికం కలిపినది మా చెల్లెలి కూతురు. వ్యోమనౌకల మార్గాలను గణించడం, గణించినదానిని ఇతరులు వాడుకొనగలిగేటట్లు దస్త్రంగా వ్రాయడం ఆమె వృత్తి. కిందటి వేసవిలో కోనసీమలోని మా ఇంట పది రోజులున్నది. ఆ పది రోజులలో నేను తెలుసుకొన్నదీ, దానివల్ల మా కుటుంబంలో తీరిన ఒక పాత తగవూ ఇక్కడ చెప్పదలచాను.

1957లో ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందం వెలువరించిన భాష ఫోర్ట్రాన్. దాని పాత పద్ధతిలో పంక్తికి పాదనియమం వంటిదొకటి ఉన్నది. మొదటి అయిదు గడులు అంకెల గుర్తులకు. ఆరవ గడిలో గుర్తు ఉంటే అది పై పంక్తికి కొనసాగింపు. అసలు వాక్యం ఏడవ గడిలో మొదలై డెబ్బైరెండవ గడి దాటకుండా ముగియాలి. మొదటి గడిలో 'సి' అక్షరం ఉంటే ఆ పంక్తి యంత్రానికి కాదు, చదివే మనిషికి. రాశి పేరు 'ఐ' మొదలు 'ఎన్' వరకు గల అక్షరాలలో ఒకదానితో ఆరంభమైతే, వేరుగా చెప్పనంతవరకు అది పూర్ణాంకమే. గురులఘువులను బట్టి గణం, గణాలను బట్టి పద్యం అని జీవితమంతా చెప్పినవానికి ఇందులో వింత ఏమీ తోచలేదు. "మావయ్యా, దీనికి భయపడనివారిని మిమ్మల్నే చూశాను" అన్నది అమ్మాయి.

అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో నైఫ్ అనే విభాగం ఉన్నది. అది సిద్ధపరచిన స్పైస్ అనే ఉపకరణాల సంపుటి గ్రహయాత్రలకు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. దాని మూలం ఫోర్ట్రానే. సి భాషలోని రూపం అందులోనుండి అనువదించినది. ఆ లెక్కలో ప్రతి వస్తువుకూ ఒక అంకె. సూర్యునికి 10, భూమికి 399, చంద్రునికి 301. వ్యోమనౌకలకు ఋణసంఖ్యలు. 2008 అక్టోబరు 22న మన శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-1 అంకె -86. 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్ అంకె -3. మన శాస్త్రకారులు అంకెలకు వస్తువుల పేర్లు పెట్టారు: చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, వేదాలంటే నాలుగు. వీరు వస్తువులకు అంకెలు పెట్టారు. ఆ భూతసంఖ్యలను కుడినుండి ఎడమకు పేర్చుకోవాలని మనకు నియమం. యంత్రాలలోనూ ఒక సంఖ్యలో ఏ తునకను ముందు వ్రాయాలన్న విషయంలో రెండు సంప్రదాయాలున్నాయట. ఏ సంప్రదాయంలో వ్రాసినదో దస్త్రం మొదటి పుటలోనే చెప్పుకొంటుంది. లేకుంటే చదివేవాడు వేదాలను నేత్రాల చోట పెట్టుకొంటాడు.

ఈ మార్గదస్త్రంలో ఒక ఖండాన్ని వ్రాయాలంటే నాలుగు ప్రశ్నలకు జవాబు ఇచ్చి తీరాలి. ఎవరి మార్గం? ఎవరిని కేంద్రంగా పెట్టుకొని కొలిచినది? ఏ అక్షాల చట్రంలో? ఏ క్షణం మొదలు ఏ క్షణం వరకు? వీటిలో ఒకటి లేకపోయినా ఎన్ని వేల సంఖ్యలున్నా నిరర్థకమే. మన పంచాంగకర్తలు నిరయన గణితం చేస్తారు, పాశ్చాత్యులు సాయనం. రెంటికీ నేడు సుమారు 24 భాగల తేడా. ఉజ్జయిని రేఖకూ మా అమలాపురానికీ సుమారు 25 నిమిషాల దేశాంతరం. ఏది అవలంబించారో చెప్పని స్ఫుటం ఎంత సూక్ష్మమైనా ఎవరికీ అక్కరకు రాదు.

కాలానికి కూడా వారికొక అహర్గణం ఉన్నది. మనవారు కలియుగాది నుండి దినాలను లెక్కించారు. వీరు 2000 జనవరి 1 మధ్యాహ్నం నుండి సెకన్లను లెక్కిస్తారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 చంద్రునిపై దిగిన క్షణం ఆ లెక్కలో 74 కోట్ల 60 లక్షల 66 వేల పైచిలుకు. మన గోడ గడియారం నడిచే కాలానికీ ఈ కాలానికీ నేడు 69 సెకన్లకు పైగా తేడా. అంతమాత్రానికేమని నేనంటే, "ఆ 69 సెకన్లలో భూమి తన కక్ష్యలో రెండు వేల కిలోమీటర్లకు పైగా వెళ్ళిపోతుంది మావయ్యా" అన్నది.

వ్యోమనౌక ప్రతి క్షణం ఎక్కడున్నదో వ్రాయడం సాధ్యం కాదు. కొన్ని క్షణాలకు స్థానమూ వేగమూ వ్రాస్తారు. మధ్యనున్నవాటిని చదివే ఉపకరణం లెక్కకట్టుకొంటుంది. గోదావరి వాసులకు ఇది చెప్పనక్కరలేదు. వరద రోజులలో ధవళేశ్వరం దగ్గర గంట గంటకూ నీటిమట్టం చూస్తారు. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. ఆరు గంటలకు ఇంత, ఏడు గంటలకు ఇంత అంటే ఆరున్నరకు ఎంతో లంకలలోని రైతు నోటితోనే చెబుతాడు. మట్టంతో పాటు అది పెరిగే జోరు కూడా తెలిస్తే ఆ అంచనా ఇంకా దగ్గరగా వస్తుంది. స్థానంతో పాటు వేగాన్నీ కలిపి మధ్య విలువలను కట్టే విధానానికి హెర్మిట్ పద్ధతి అని పేరు. దానికి నైఫ్ వారు ఇచ్చిన సంఖ్య 13. అయితే మధ్యలో ఎక్కడో గండి పడితే రైతు లెక్క చెల్లదు. అలాగే నౌక తన యంత్రాన్ని మండించి దారి మార్చుకొన్న చోట ఖండాన్ని ఆపి కొత్త ఖండం మొదలుపెట్టాలి. గండికి ఇవతలి సంఖ్యతో అవతలి సంఖ్యను కలిపితే ఎన్నడూ లేని దారి ఒకటి పుడుతుంది.

ఇక మా తగవు సంగతి. మా మాతామహుల ఇంట ఒక గణితపు పుస్తకం ఉండేది. గురు, శని, రాహువుల స్ఫుటాలు వరుసగా రాశి, భాగ, కళ, వికలలుగా వ్రాసినది. 1986 ఆగస్టులో వచ్చిన గోదావరి వరదలో ముందరి ఆకులు పోయాయి. మిగిలినవాటిలో సిరా చెదిరిపోయి ఏ సంవత్సరమో, ఏ మాసమో తెలియకుండా ఉన్నది. రాశి గడి ఒక్కటే చదవడానికి వస్తుంది. అది మా తాతగారి తాతగారి గణితమనీ, తాతగారు దానికి నకలు మాత్రమే తీశారనీ మా పెదమావయ్యగారు చెప్పేవారు. మా అమ్మ ఒప్పుకునేది కాదు. "నాన్న లెక్క వేస్తుంటే పక్కన లాంతరు పట్టుకొని కూర్చున్నది నేను. కొట్టివేసి మళ్ళీ వేయడం కళ్ళారా చూశాను" అనేది. పదేళ్ళ పిల్లకేం తెలుసునని అందరూ నవ్వేవారు. ఆ మాట అంటూనే అమ్మ వెళ్ళిపోయింది. తాతగారిని ఊరివారు సిద్ధాంతిగారు అనలేదు, కరణీకపు లెక్కలు వ్రాసేవారనే ఎరుగుదురు. ఆయనకు గణితం వచ్చునా రాదా అన్న ప్రశ్న ఆ పుస్తకంలోనే ఉండిపోయింది.

ఆ పుస్తకం అమ్మాయికి చూపించాను. గురుని రాశి గడిలో సున్న, శనికీ సున్న. అంటే ఇద్దరూ మేషంలో ఉన్నారు. రాహువు గడిలో అయిదు, అంటే కన్య. గురుడు పన్నెండేళ్ళకు, శని ముప్ఫైయేళ్ళకు దగ్గరగా రాశిచక్రం తిరుగుతారు కనుక ఇద్దరూ ఒకే రాశికి మళ్ళీ కలిసి రావడానికి అరవయ్యేళ్ళు పడుతుంది. అమ్మాయి తన దగ్గరున్న గ్రహస్థితుల దస్త్రాన్ని అడిగింది. ఇద్దరూ మేషంలో కలిసినది 1881లో, 1940-41లో, 2000లో. మొదటిది తాతగారి తాతగారి కాలం. రెండవది అమ్మకు పదేళ్ళు నిండిన కాలం. వీటిలో ఏదో తేల్చవలసినవాడు రాహువు. కాని ఆ జాబితాలో రాహువుకు అంకె లేదు! గోళం లేని ఛాయాగ్రహానికి పాశ్చాత్యులు అంకె ఎందుకు ఇస్తారు? మా ఇంటి పాత పంచాంగాలు కూడా ఆ వరదలోనే పోయాయి.

"అయితే మనమే వ్రాద్దాం" అన్నది అమ్మాయి.

రాహువంటే చంద్రుని దారి సూర్యుని దారిని ఉత్తరంగా దాటే చోటు. మధ్యమ రాహువు రోజుకు సుమారు 3 కళల 11 వికలలు వెనుకకు నడుస్తాడు. ఎవరికీ కేటాయించని అంకె ఒకటి రాహువుకు ఇచ్చింది. కేంద్రం భూమి. చట్రం క్రాంతివృత్తపుది. 1870 నుండి 2010 వరకు పది రోజులకొకటి చొప్పున అయిదు వేలకు పైగా స్థానాలు, వేగాలు. దూరం అడిగితే చంద్రుని సగటు దూరమైన 3,84,400 కిలోమీటర్లు పెట్టింది. తెరవడానికొక ఫోర్ట్రాన్ ఆదేశం, ఖండం వ్రాయడానికొకటి, మూయడానికొకటి. కాలాలు ఒకదాని తరువాత ఒకటి పెరుగుతూ పోవాలి. ఒక్కటి తారుమారైనా ఉపకరణం వ్రాయనని మొరాయిస్తుంది. చివర సక్రమంగా మూయని దస్త్రం పనికిరాదు. ఆశ్వాసాంత గద్య లేని తాళపత్రం కూడా ఎవరిదో తెలియకుండా పడి ఉంటుంది కదా అనుకొన్నాను.

తరువాత ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగింది. 1881 ఏప్రిల్‌లో రాహువు వృశ్చికంలో ఉన్నాడు. గడిలో ఏడు ఉండవలసింది. 2000 మేలో కర్కాటకంలో, మూడు ఉండవలసింది. గురుశనులు మేషంలో ఉండగా 1940 ఏప్రిల్ నుండి ఏడాది పొడవునా రాహువు కన్యలోనే. అది విక్రమ నామ సంవత్సరం. తాతగారి తాతగారు అప్పటికి లేరు. పుటల అంచులలో కొట్టివేతలూ, తీసివేతలూ ఉన్నాయి. నకలు తీసేవాడు వాటిని వ్రాయడు.

పెదమావయ్యగారి అబ్బాయికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. బావ చాలాసేపు మాట్లాడలేదు. "అయితే అత్తయ్య చెప్పింది నిజమేనన్నమాట" అన్నాడు. ఆ మాట వినవలసిన మనిషి లేదు. అయినా దానిని మా చెల్లెలికి, పక్క గదిలో ఉన్న నా భార్యకు, మా పిల్లలకు వరుసగా చెప్పాను.

దస్త్రంలో వ్యాఖ్యలకు ప్రత్యేకంగా చోటు ఉంటుంది. ఎవరు వ్రాశారు, దేని ఆధారంగా, ఎందుకు, ఎక్కడ నమ్మవచ్చు, ఎక్కడ నమ్మరాదు అని అక్కడ వ్రాయాలి. దానిని ఖాళీగా వదలవద్దని నైఫ్ వారు మరీ మరీ చెబుతారట. ఆ నాలుగు మాటలూ నన్ను వ్రాయమన్నది అమ్మాయి. తెలుగులో టైపు చేయబోతే కుదరలేదు. అచ్చయ్యే ఇంగ్లీషు గుర్తులు తప్ప మరొక లిపిని ఆ చోటు స్వీకరించదు. యూనికోడు వచ్చి మన అక్షరాలు తెర మీద కనబడిననాడు ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు. ఇక్కడ మళ్ళీ ఆ అక్షరాలకు ప్రవేశం లేదు. చివరకు ఇంటర్నెట్టులో తెలుగు తొలిరోజులలో చేసినట్లే, తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కూర్చి తాతగారి పేరూ, అమ్మ పేరూ వ్రాశాను. గణించినవారు ఒకరు, దీపం పట్టినవారు ఒకరు.

పుస్తకం మూటకు కొత్త గుడ్డ కట్టాము. పైన ఒక అట్ట మీద తెలుగులోనే ఆ నాలుగు ప్రశ్నలకూ జవాబులు వ్రాశాను: ఎవరి గణితం, ఎక్కడినుండి చూసినది, సాయనమా నిరయనమా, ఏ సంవత్సరం. దేశాంతరం మాత్రం ఇంకా తేలలేదు. ఆ జాగా ఖాళీగా ఉంచాను. మీ ఇళ్ళలో అటకల మీద ఇటువంటి మూటలుంటే ఈ దసరా సెలవులలో దింపి చూడండి. ఇంట్లో పెద్దవారుంటే అడిగి, వారు చెప్పినది చెప్పినట్లే వ్రాసి పెట్టండి.