ఉడుతను వద్దన్న కెప్టెన్

సావనీరుకి ఏదైనా వ్రాసివ్వమని మా సాహిత్య కార్యదర్శి పదిరోజులుగా నా వెంటపడుతున్నాడు. కవిత వ్రాద్దామంటే రాదు. "విద్యార్థులు – క్రమశిక్షణ" మీద వ్రాద్దామంటే నన్నెరిగిన లెక్చరర్లు నవ్వుతారు. చివరికి నాకు కాస్తో కూస్తో తెలిసిన విషయం ఒక్కటే తేలింది. అది పోకెమాన్. "ఇదేం విషయమయ్యా, చిన్నపిల్లల ఆట!" అని పేజీ తిప్పబోయే పెద్దలు ఒక్క నిమిషం ఆగాలని మనవి. ఇందులో ఆటతోపాటు ఒక తప్పు సంగతి కూడా ఉంది. ఆ తప్పు నాది.

తెలియనివారి కోసం ముందు నాలుగు ముక్కలు. ఈ ఆట 1996లో జపాన్‌లో పుట్టింది. దీన్ని తలపెట్టిన సతోషి తజిరికి చిన్నతనంలో పురుగుల్ని పట్టి దాచుకోవడం మహా సరదా అట. ఆ సరదాలోంచే ఈ ఆలోచన వచ్చింది. మొదట్లో 151 వింతజీవులు ఉండేవి, ఇప్పుడు వెయ్యి దాటాయి. ఒక్కోదానికి ఒకటో రెండో జాతులుంటాయి. నిప్పు, నీరు, మంచు, రాయి, నేల, ఉక్కు – ఇలా 2013 నుంచి మొత్తం 18 జాతులు. నిప్పు జాతిమీద నీటి దెబ్బ రెట్టింపు పడుతుంది. నేల జాతికి కరెంటు దెబ్బ అసలు తగలదు. ఒకే జీవిలో ఉన్న రెండు జాతులకీ ఒకే దెబ్బ పడకపోతే, నాలుగు రెట్లు! పోటీలో ఎవరి టీము వారు ఆరింటితో కట్టుకోవాలి. ఒక్కోదానికి నాలుగే ఎత్తులు. చదరంగంలోలాగా ఒకరి తర్వాత ఒకరు కాదు, ఇద్దరూ ఒకేసారి ఎత్తు నిర్ణయించుకోవాలి. కాబట్టి ఎదుటివాడి మనసు చదవడం సగం ఆట. మిగతా సగం ఆటకి కూర్చోకముందే, టీము కట్టడంలోనే అయిపోతుంది.

ఈ చివరి ముక్క నాకు బోధపడటానికి ఏడాదిన్నర పట్టింది.

2022లో నేను పీజీలో చేరాను. హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక షోడౌన్ అనే ఉచిత సైట్లో ఈ పోటీలు మొదలుపెట్టించింది నేనే. నా మొదటి టీము చూస్తే ఎవరైనా దండం పెట్టాల్సిందే. చారిజార్డ్, డ్రాగొనైట్, సాలమెన్స్, గార్చాంప్, గ్యారడోస్, జాప్డోస్. ఆరూ ఆరుగురు భీములు! కొడితే కొండలు పిండి కావాలి. మా రూమ్మేట్ బహు నెమ్మదైనవాడు. మాట కూడా లెక్కపెట్టుకుని మాట్లాడతాడు. "ఒక ఆట ఆడదామా?" అన్నాడు ఒకరోజు. పది నిమిషాల్లో నా భీములందరూ మట్టి కరిచారు.

వాడు చేసిందల్లా రెండే పనులు. మొదట నావైపు నేలమీద స్టెల్త్ రాక్ అనే రాళ్ళు పరిచాడు. కొత్తగా బరిలోకి దిగే ప్రతివాడికీ ఆ రాళ్ళు గుచ్చుకుంటాయి. రాయికి నాలుగు రెట్లు లోకువైన చారిజార్డ్ దిగీదిగగానే సగం ప్రాణం పోగొట్టుకుంది. డ్రాగొనైట్, సాలమెన్స్, గ్యారడోస్, జాప్డోస్‌లకు తలా పావు వంతు పోయింది. ఆ తర్వాత మామోస్వైన్ అనే మంచు ఏనుగులాంటి దాన్ని దింపి, మిగిలిన ప్రాణం అది తీసేశాడు.

"నీ టీములో నలుగురు మంచుకి లోకువ. వాళ్ళలో ముగ్గురికి నాలుగు రెట్లు. మంచు దెబ్బ తట్టుకునేవాడు ఒక్కడూ లేడు. చూసుకోలేదట్రా?" అన్నాడు.

చూసుకోలేదు. ఎవడు ఎంత గట్టిగా కొడతాడో చూశానుగాని, ఎవడు దేనికి పడిపోతాడో చూడలేదు.

ఆ రాత్రి వాడు ప్రాక్టికల్ రికార్డు వెనక అట్టమీద గళ్ళు గీశాడు. నిలువునా 18 జాతులు, అడ్డంగా ఆరు పేర్లు. లోకువైన చోట ఇంటూ, తట్టుకునే చోట టిక్కు. "ఏ వరసలోనైనా ఇంటూలు మూడు దాటి, టిక్కు ఒక్కటీ లేకపోతే అక్కడే నీ గోతి" అన్నాడు. నా టీమును మొత్తం పారెయ్యనీలేదు. గార్చాంప్‌నీ గ్యారడోస్‌నీ ఉంచి, వాటి మధ్య హీట్రాన్ అనే నిప్పూ ఉక్కూ కలిసినదాన్ని పెట్టాడు. గార్చాంప్‌కి గండం మంచు, డ్రాగన్, ఫెయిరీ. ఈ మూడూ హీట్రాన్‌కి దోమ కుట్టినట్టు. హీట్రాన్‌కి గండం నేల, నీరు, పోట్లాట. ఎగిరే గ్యారడోస్‌కి నేల దెబ్బ తగలనే తగలదు, మిగతా రెండూ సగమే. గ్యారడోస్‌కి కరెంటు నాలుగు రెట్లు, రాయి రెండు రెట్లు. నేలజాతి గార్చాంప్‌ని కరెంటు ఏమీ చెయ్యలేదు, రాయి సగమే తగులుతుంది. ముగ్గురూ ఒకరి వీపు ఒకరు కాచుకుంటూ గుండ్రంగా నిలబడ్డట్టయింది. మిగతా ముగ్గురినీ ఇదే లెక్కన చేర్చాం. రాళ్ళు పరిచేవాడొకడు, పరిచినవి ఊడ్చేవాడొకడు, దెబ్బలు తిని నిలబడేవాడొకడు.

శిక్షణ పాయింట్ల దగ్గర కూడా ఇదే పాఠం. ఒక్కోదానికి 510 పాయింట్లు పంచవచ్చు, ఏ ఒక్క గుణానికీ 252 మించకూడదు. నేను కళ్ళు మూసుకుని దాడికి 252, వేగానికి 252 పోసేవాణ్ణి. వాడలా కాదు. "ఎదుటివాడికన్నా వేగం ఒక్క అంకె ఎక్కువుంటే చాలు, ఆపైన పోసేది దండగ. అది తీసి ప్రాణానికి పెడితే ఒక్క దెబ్బ అదనంగా తట్టుకుంటాం" అనేవాడు. ఆ ఒక్క దెబ్బ తట్టుకోవడం కోసం కాల్క్యులేటరు పెట్టుకుని గంటలు కూర్చునేవాడు.

వాడికి ఇష్టమైన కథ ఒకటుంది. 2014లో వాషింగ్టన్‌లో జరిగిన ప్రపంచ పోటీలు. అక్కడ జంట పద్ధతి, ఒక్కో వైపు రెండేసి ఒకేసారి బరిలో ఉంటాయి. కొరియాకు చెందిన సేజున్ పార్క్ తన టీములో పచిరిసు అనే ఉడుతను పెట్టాడు. కరెంటు ఉడుత. గార్చాంప్ గుణాల మొత్తం 600 అయితే దీనివి 405. ఎవరూ ఏరుకోని జీవి. దాని పనల్లా "నా వైపు రండి" అని ఎదుటివాళ్ళ దెబ్బలన్నీ తనమీదకి లాక్కోవడం. పక్కన ఉన్నది గ్యారడోస్, కరెంటుకు హడలిపోయే జీవి. ఉడుతకేమో కరెంటు తగిలితే ప్రాణం పెరుగుతుంది! ఆ ఉడుతతోనే పార్క్ ప్రపంచ విజేత అయ్యాడు.

"ఉడుతాభక్తి అంటే ఇదేరా" అనేవాడు మావాడు. నేను నవ్వేసేవాణ్ణి.

ఇక తప్పు సంగతికి వస్తాను.

2023లో మా కాలేజీ ఉత్సవాల్లో హాస్టళ్ళ మధ్య పోటీ పెట్టారు. హాస్టలుకి ముగ్గురు, తలా ఒక ఆట, రెండు గెలిచినవారిది పోటీ. ఆట ప్రవేశపెట్టినవాణ్ణి గనక నన్ను కెప్టెన్ని చేశారు. మొదట నోటీసు బోర్డుమీద పెట్టిన పేర్లలో మా రూమ్మేట్ పేరుంది. వాడి ఆట నలభై నిమిషాలు సాగుతుంది. కొట్టేది తక్కువ, కాచుకునేది ఎక్కువ. "వీడి ఆటకి హాలంతా నిద్రపోతుంది" అన్నారు స్నేహితులు. నాకూ చప్పట్ల మీద మోజు. పోటీకి రెండురోజుల ముందు నోటీసుమీద వాడి పేరు పెన్నుతో కొట్టేసి, చకచకా కొట్టే ఒక జూనియర్ పేరు వ్రాశాను. వాడికి ముందు చెప్పనైనా లేదు. మెస్సుకి వెళ్తూ బోర్డు దగ్గర ఒక్క క్షణం ఆగి చూశాడు. ఏమీ అనలేదు. అన్నం తిన్నాడు, వచ్చి పడుకున్నాడు.

పోటీలో మా మొదటివాడికి ఎదుటివాడు ట్రిక్ రూమ్ వేశాడు. అంటే అయిదు విడతలపాటు లోకం తలకిందులు, నెమ్మదైనవాడే ముందు కొడతాడు. మావాడి టీమంతా వేగమే! కాచుకోవడం తెలియక ఆ అయిదు విడతల్లోనే కుప్పకూలాడు. రెండోవాడికీ అదే మంత్రం, అదే గతి. మావాళ్ళిద్దరిదీ ఒకటే మూస మరి. రెండు ఆటలతో పోటీ ముగిసింది. కెప్టెన్‌గారి ఆట అవసరమే లేకపోయింది. మా రూమ్మేట్ గళ్ళు గీసి కట్టిపెట్టిన టీము లాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. వాడే ఆడుంటే? ఆ అయిదు విడతలూ కాచుకుంటూ కూర్చునేవాడు. వాడికి వచ్చిందే అది.

వెనక్కి తిరిగి చూస్తే ఆఖరి వరసలో ఉన్నాడు. మా ముగ్గురి ఛార్జర్లూ మంచినీళ్ళ సీసాలూ ఒళ్ళో పెట్టుకుని.

తర్వాత మూడువారాలు మా గదిలో ఆట లేదు. దెబ్బలాడి ఉంటే బాగుండేది. పొద్దున్నే నన్ను క్లాసుకి లేపడం మానలేదు, నేను ఎగ్గొట్టిన క్లాసుల నోట్సు ఇవ్వడం మానలేదు. ఆట మాత్రం మానేశాడు. అప్పుడు లెక్క వేసుకున్నాను. నా చదువులో, హాస్టలు జీవితంలో నా మీద పడాల్సిన దెబ్బలు ఎన్ని వాడు తనమీదకి లాక్కున్నాడో! ఆరు జీవాలకి గళ్ళు గీసుకున్నాను గాని, నా చుట్టూ ఉన్న మనుషులకి ఒక్క గడి గీసుకోలేదు.

ఒక రాత్రి తెగించి అడిగాను. "ఒరేయ్, తప్పయిపోయింది. కోపంగా ఉందా?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఓడిపోతాననుకుని తీసేస్తే ఏమీ అనుకునేవాణ్ణి కాదురా. నిద్రొస్తుందని తీసేశావు" అన్నాడు. కాసేపాగి రికార్డు అట్ట తీశాడు. "సరే, ట్రిక్ రూమ్‌కి ఏం చేద్దామో చూడు."

ఆ తర్వాత మళ్ళీ ఆడుకున్నాం. చదువు ముగించి వాడు ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. నేను రీసెర్చిలో చేరి ఇక్కడే ఉన్నాను. గళ్ళ అట్ట నా దగ్గరే ఉంది.

ఒక్క బాకీ మాత్రం మిగిలింది. వాడి పేరు కొట్టేసింది పదిమందీ చూసే బోర్డుమీద. క్షమాపణ అడిగింది తలుపులు వేసుకున్న గదిలో. ఈ లెక్క సరిపోలేదు. అందుకే పదిమందీ చదివే ఈ సావనీరులో వ్రాస్తున్నాను. పేరు వ్రాయవద్దన్నాడు గనక వ్రాయడం లేదు. పూర్వవిద్యార్థిగా వాడికీ ఒక ప్రతి వెళ్తుంది. ఒరేయ్, ఇది నీకోసమే. ఈసారి టీము కడితే, మొదటి పేరు నీదే.