దిమ్మల ఊళ్ళో మా మినారు

ఆటలో రాజకీయమేటి మాస్టారూ అంటారు మా ఆమదాలవలసలో. మతం సంగతెత్తినా అదే మాట: "మనూళ్ళో అలాంటివేవీ లేవు గదా!" నిజమే, లేవు. శ్రీకాకుళం జిల్లా జనాభాలో ముస్లింలు నూటికి ఒక్కరు కూడా ఉండరు. ఇంత తక్కువమందితో ఎవరికి మాత్రం గొడవేముంటుంది? అయితే గొడవ లేకపోవడాన్నే సమానత్వం అనుకుంటారే, అక్కడే నా పేచీ. ఇరవయ్యేళ్ళుగా సోషల్ పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి. లౌకికరాజ్యం అనే మాటలోని మెలిక నాకు పాఠ్యపుస్తకంలో కన్నా పిల్లల ఆటలో బాగా కనిపించింది.

ఆ ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌లో పుట్టింది. 2011లో పూర్తిగా విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ దాన్ని 250 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ లోకంలో మట్టి, రాయి, కలప అన్నీ దిమ్మలే. తవ్వుకోవాలి, పేర్చుకోవాలి, కట్టుకోవాలి. ఇలాగే ఆడాలన్న నిర్బంధం లేదు. ఇంటర్నెట్ ద్వారా పదిమంది కలిసి ఒకే లోకంలో ఆడుకునే ఏర్పాటుని సర్వర్ అంటారు. 2020లో కరోనాకు బడులు మూతపడ్డాక మా మేనల్లుడూ, వాడి స్నేహితులు ఐదుగురూ అలాంటిదొకటి అద్దెకు తీసుకుని మా ఊరినే కట్టడం మొదలెట్టారు. శ్రీకాకుళం రోడ్ అన్న బోర్డుతో సహా స్టేషన్ కట్టారు. మూతపడిన సుగర్ ఫ్యాక్టరీని పొగ గొట్టంతో లేపారు. నాగావళిని తవ్వి నీళ్ళు నింపారు. చూస్తే ముచ్చటేసింది.

ఊరు కట్టగానే రాజ్యం వచ్చేసింది. ఎవరు లోపలికి రావచ్చో చెప్పే జాబితా ఉంటుంది, దాన్ని వైట్‌లిస్ట్ అంటారు. అద్దె కట్టిన పిల్లాడే అది రాస్తాడు. వాడు ఎవర్నైనా గెంటగలడు, ఏ గోడనైనా చెరిపెయ్యగలడు. ఓట్లు లేవు. వాళ్ళ నాన్న డబ్బు కట్టాడు గనక వాడు రాజు.

మిగతా పిల్లలకి జాబితా ఒక సౌకర్యం. మాకు మాత్రం ఆ మాట వింటేనే గుండె జారుతుంది. 2019 ఆగస్టు 31న అస్సాంలో వచ్చిన ఎన్.ఆర్.సి. తుది జాబితాలో 19 లక్షలకు పైగా మనుషుల పేర్లు లేవు. అందులో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. ఆ డిసెంబరులోనే పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. మూడు పొరుగు దేశాల నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్ళకు అది దారి తెరిచింది. ఆ ఆరింటిలో ఇస్లాం లేదు. ఆ నెలలోనే మా అబ్బా అటక మీంచి ట్రంకు పెట్టె దింపించి, తాతగారి నాటి కాగితాలు ఒక్కొక్కటే మంచమ్మీద పరిచారు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో ముసలాడైన మనిషి!

జాబితా తర్వాత వచ్చింది భూమి. ఒకరి ఇల్లు ఒకరు పాడుచెయ్యకుండా పిల్లలు గ్రీఫ్ ప్రివెన్షన్ అనే ఏర్పాటు పెట్టుకున్నారు. బంగారు పార పట్టుకుని రెండు మూలలు చూపిస్తే ఆ స్థలం నీదే. ఇంకొకడు అందులో దిమ్మ తియ్యలేడు. ఎంత స్థలం? ఎవరూ మార్చకపోతే, ఆడిన ప్రతి గంటకీ 100 గడులు. అవసరాన్ని బట్టీ కాదు, కష్టాన్ని బట్టీ కాదు, కంప్యూటర్ ముందు ఎంతసేపు కూచున్నావన్నదే లెక్క. ఇంట్లో కంప్యూటరూ నెట్టూ ఉన్నవాడు నెల తిరిగేసరికి భూస్వామి అయ్యాడు. ఆదివారం ఆదివారం స్నేహితుడింటికొచ్చి గంటసేపు ఆడేవాడు రైతుకూలీగా మిగిలాడు. ఏ భూమి కోసం 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న భూస్వాముల తుపాకులకు బలైపోయారో, ఆ జిల్లా పిల్లలు ఆడుకుంటున్న ఆట ఇది. "ఇది నాయమేట్రా?" అని అడిగితే "రూలు మామూ" అన్నాడు మావాడు.

అయితే రూలే లేకపోతే బాగుంటుందా? అలాంటి లోకమూ ఉంది. 2010 చివర్లో మొదలైన 2బి2టి అనే సర్వర్‌లో నియమాలు లేవు. ఎవరు ఎవర్నైనా చంపొచ్చు, ఏదైనా కూల్చొచ్చు. కొత్తవాడు అడుగుపెట్టే చోటు ఏళ్ళ తరబడి కూల్చివేతలతో గుంటలూ శిథిలాలూ అయిపోయింది. దూరంగా పారిపోయి దాక్కున్నవాడిదే ఇల్లు. చట్టం లేని చోట తక్కువమందికి మిగిలేది దాక్కోవడమే. కాబట్టి మాకు చట్టం కావాలి. అందరికన్నా మాకే ఎక్కువ కావాలి.

ఇక మా సంగతి. రోడ్లూ స్టేషనూ ఉన్న ఉమ్మడి స్థలంలో పిల్లలు రామాలయం కట్టారు. మావాడూ మూడు రోజులు రాయి మోసి కట్టాడు. ఆ తర్వాత అదే వీధి చివర చిన్న మసీదు కట్టాడు. ఒకే ఒక మినారు. ఇంకో రెండు రోజులకి మినారు లేదు.

ఆ సర్వర్‌లో కోర్‌ప్రొటెక్ట్ అనేది కూడా ఉంది. ఏ దిమ్మని ఎవరు పెట్టారో, ఎవరు తీశారో, ఎప్పుడు తీశారో అన్నీ రాసి ఉంచుతుంది. రాజుగారు ఒక్క ఆజ్ఞ టైపు చేస్తే పేరు బయటపడింది. ఇంకో ఆజ్ఞతో మినారు మళ్ళీ లేచి నిలబడింది. "సరదాకి తీసేన్రా" అన్నాడు తీసినవాడు. ఇద్దరూ నవ్వుకున్నారు కూడా.

నేను నవ్వలేకపోయాను. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదుని పట్టపగలు, కెమెరాల ముందు కూల్చారు. 2019 నవంబర్ 9న సుప్రీంకోర్టు ఆ కూల్చివేత చట్ట ఉల్లంఘనే అంది. అని, స్థలం గుడికిచ్చింది, మసీదుకి వేరేచోట 5 ఎకరాలిమ్మంది. 2020 సెప్టెంబర్ 30న లక్నో ప్రత్యేక కోర్టు 32 మంది నిందితుల్నీ నిర్దోషులంది. మరి కూల్చిందెవరు? పిల్లల ఆటకున్నపాటి జ్ఞాపకం ఈ దేశానికి లేదా అని అడుగుతున్నాను.

కథ అక్కడితో అయిపోలేదు. మళ్ళీ గొడవ రాకూడదని రాజుగారు కొత్త రూలు పెట్టాడు: "ఊళ్ళో మతం వద్దు." మంచి రూలే! మసీదు తీసేశారు. రామాలయం ఉంది. "అదేట్రా?" అని మావాడడిగితే, "గుడి మతం కాదెహె, అది ఊరిది" అన్నాడు స్నేహితుడు. వాడిలో ద్వేషం లేదు. రంజానుకి మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగే పిల్లాడే. అందుకే ఆ మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది. వాళ్ళది ఊరు, మాది మతం. వాళ్ళది సంప్రదాయం, మాది గుర్తింపు సమస్య. లౌకికవాద మిత్రులారా, మీ నోట కూడా ఈ తేడా ఎన్నోసార్లు విన్నాను. ఆఫీసుల్లో ఆయుధపూజ సంస్కృతి, జుమ్మా నమాజుకు గంట అనుమతి అడిగితే మతం!

"అయితే నువ్వు వేరే సర్వర్ పెట్టుకోరా" అని కూడా సలహా వచ్చింది, ప్రేమగానే. ఈ సలహా మాకు 1947 నుంచీ వస్తూనే ఉంది.

బయటి ప్రపంచంలో ఇంతకన్నా ఘోరాలున్నాయి. 2019 మార్చి 15న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపిన ఘోరాన్ని రోబ్లాక్స్ అనే ఇలాంటి వేదికలోనే ఆటగా మళ్ళీ కట్టారు. అదే వేదికలో ఐసిస్ జెండా లోకాల్లో తిరిగిన పదహారేళ్ళ కుర్రాడి సంగతి 2023లో సింగపూర్ ప్రభుత్వం బయటపెట్టింది. రెండూ విషమే. మా పేరు పెట్టుకుంది కదా అని రెండోదాన్ని నేను వెనకేసుకు రాను. కానీ 2023లో ఘాజియాబాద్‌లో ఆన్‌లైన్ ఆట ద్వారా మతం మారుస్తున్నారని కేసు పెడితే, ఏ తీర్పూ రాకముందే టీవీలు దానికి "గేమింగ్ జిహాద్" అని పేరెట్టేశాయి. ఆ వారమే మా ఆపా కొడుకుని పక్కన కూచోబెట్టుకుని బతిమాలింది. "తెరమీద ఆ పేరు తీసెయ్ బేటా. రాకీ అనో, కింగ్ అనో పెట్టుకో."

వాడు తియ్యలేదు. "పేరు తీసేస్తే ఎవరు కట్టారో ఎలా తెలుస్తది అమ్మీ?" అన్నాడు.

వాడికి ప్రత్యేక మర్యాదలేం వద్దు. గుడి తియ్యమనీ అనలేదు. గుడి ఉంటే మసీదూ ఉండాలి, మసీదు వద్దంటే గుడీ వద్దు, ఆ రూలు రాసేటప్పుడు ఆరుగురమూ ఉండాలి అన్నాడు. ఇద్దరు వాడి పక్షాన మాట్లాడారు, ఇద్దరు ఊరుకున్నారు. బడులు తెరిచాక అద్దె కట్టేవాళ్ళు లేక ఆ ఊరు ఆగిపోయింది. ఆగిపోయిన నాటికి వీధి చివర స్థలం ఖాళీగానే ఉంది. మాట్లాడిన ఆ ఇద్దరు పిల్లల మీద నాకు ఆశ ఉంది. ఊరుకున్న ఇద్దరి గురించే ఈ నాలుగు మాటలూ రాశాను.