రిపోర్టులో రాయనిది బోనులో చెప్పలేను

సమన్లు చేతికి వచ్చేనాటికి ఆ మనిషి ముఖం నాకు గుర్తుండదు. పోస్టుమార్టం చేసిన రోజుకూ, సెషన్స్ కోర్టులో బోనెక్కే రోజుకూ మధ్య రెండేళ్లు, మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే గడిచిపోతాయి. ఈలోగా మార్చురీ బల్ల మీదికి ఎన్నో శవాలు వచ్చి వెళ్లి ఉంటాయి. కోర్టుకు నా వెంట వచ్చేది ఆ రోజు నా చేత్తో రాసిన కాగితం ఒక్కటే. అందులో ఉన్నదే నా సాక్ష్యం. లేనిదాన్ని నేనెంత గట్టిగా చెప్పినా డిఫెన్సు లాయరు ఒక్క ప్రశ్నతో పక్కకు తీసేస్తారు: "ఇది మీ రిపోర్టులో ఎక్కడుందో చూపిస్తారా డాక్టరుగారూ?"

ప్రభుత్వ వైద్య కళాశాలలో ఫోరెన్సిక్ మెడిసిన్ చెబుతూ, ఆసుపత్రి మార్చురీలో శవపరీక్షలు చేస్తూ నా సర్వీసంతా గడిచింది. కత్తిపోటు కేసుల్లో సాక్ష్యం చెప్పడం అంత కష్టం కాదు. గాయం లోతెంత, ఏ అవయవం తెగింది, అది ప్రాణం తీసేదేనా, ఇంతవరకే అడుగుతారు. నిద్ర పట్టనివ్వనివి మెడ కేసులు. ఉరేసుకుందా, గొంతు బిగించి చంపి తర్వాత వేలాడదీశారా అన్న ప్రశ్న. ఇంట్లో ఉన్నది భర్తా అత్తమామలే. చూసినవాళ్లు ఎవరూ ఉండరు, ఉన్నా నోరు విప్పరు. అప్పుడు కేసు మొత్తం ఆ నాలుగంగుళాల మెడ మీద నిలబడుతుంది.

పెళ్లయి ఏడేళ్లు నిండకుండా ఆడపిల్ల అనుమానాస్పదంగా చనిపోతే శవ పంచనామా పోలీసులతో సరిపోదు, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేయాలి. మా దగ్గర సాధారణంగా తహసీల్దారుగారు వస్తారు. వరకట్న మరణం అప్పట్లో ఐపీసీ 304-బి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షను. హత్య 302 పోయి 103 అయింది. సెక్షన్ల నంబర్లు మారినా శవం మీద చూడాల్సినవి మారలేదు.

మనుషుల ఆనవాళ్లు తెలియకుండా ఒక కేసు చెబుతాను. ఇరవయ్యేళ్లు దాటిన అమ్మాయి. ఫ్యానుకు చున్నీ కట్టి ఉరేసుకుందని అత్తింటివాళ్ల మాట. పోలీసులు వెళ్లేసరికే దించి మంచం మీద పడుకోబెట్టారు. చున్నీని వేరే పొట్లంలో తెచ్చారు. అందులో ముడి అలాగే ఉంది, దించేటప్పుడు ముడి జోలికి పోకుండా వేరే చోట కోశారు. ముడిని విప్పకుండా దాని వెడల్పూ నేతా చూసి రాసుకుని, సీలు వేసి తిరిగి ఇచ్చాను.

మెడ కేసులో కత్తి మొదట మెడ మీద పడకూడదు. ముందు తల తెరిచి మెదడు తీయాలి, తర్వాత ఛాతీ తెరిచి గుండె, ఊపిరితిత్తులు తీయాలి. అప్పుడు మెడ నరాల్లో నిలిచిన రక్తం కిందికి దిగిపోతుంది. అలా కాకుండా తిన్నగా మెడ కోస్తే నరాలు తెగి రక్తం కండరాల్లోకి చిమ్ముతుంది, చూడటానికి అచ్చం బతికుండగా నొక్కిన కమిలిన మచ్చలా ఉంటుంది. లేని హత్యను మన కత్తే పుట్టిస్తుంది. రక్తమంతా దిగాక చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద పట్టీల్లాంటి కండరాలు ఒక్కొక్కటీ విడదీసి, ఒక్కో పొరనూ వెలుతురులో తిప్పి చూస్తూ ఎముక దాకా వెళ్లాలి. తొందరపడే పని కాదు. బయట బంధువులు కేకలు వేస్తుంటారు, కానిస్టేబులు తలుపు దగ్గరికొచ్చి "ఇంకెంతసేపండీ" అంటాడు. అయినా ఆగాల్సిందే.

ఆ అమ్మాయి మెడ మీద రెండు గుర్తులున్నాయి. ఒకటి థైరాయిడ్ మృదులాస్థికి దిగువన అడ్డంగా, మెడ చుట్టూ ఎక్కడా తెగకుండా ఉంది. రెండోది దానికి పైన, గడ్డం కింద నుంచి కుడి చెవి వెనక్కి ఏటవాలుగా పోయి అక్కడ ఆగిపోయింది. పాలిపోయి, ఎండిన తోలులా గట్టిగా ఉంది. కింది గుర్తు అడుగున కండరాల్లో రక్తం చిమ్మింది. థైరాయిడ్ మృదులాస్థి ఎడమ కొమ్ము విరిగింది, విరిగిన చోట చుట్టూ రక్తం గడ్డకట్టింది. పైగుర్తు అడుగున ఏమీ లేదు. నోటి మూల నుంచి లాలాజలం కారిన చార లేదు. రక్తం దిగి ఏర్పడే ఊదారంగు మచ్చలు వీపు మీద ఉన్నాయి, కాళ్లలో లేవు. హయాయిడ్ ఎముక విరగలేదు. ఇవన్నీ సెంటీమీటర్లతో సహా రాశాను. ఉన్నవాటితో పాటు లేనివీ రాశాను. అందులో ఒక చిన్న వాక్యం ఉంది: రెండు గుర్తుల మధ్య చర్మం మామూలుగా ఉంది, ఒరిపిడి లేదు.

ముఖ్య విచారణ పావుగంటలో ముగిసింది. పబ్లిక్ ప్రాసిక్యూటరు, అంటే పి.పి.గారు, రిపోర్టు చూపించి, సంతకం నాదేనా అని అడిగి, మరణ కారణం చెప్పించి కూర్చున్నారు. ఆ తర్వాత లేచిన డిఫెన్సు లాయరు విషయం బాగా చదువుకుని వచ్చారు. అలాంటి లాయరంటే నాకు గౌరవం.

"హయాయిడ్ ఎముక విరగలేదు. అవునా?"

"అవునండీ."

"గొంతు బిగిస్తే అది విరగాలి కదా?"

"విరగొచ్చు, విరక్కపోవచ్చు. చిన్న వయసులో ఆ ఎముక కొమ్ములు ఇంకా అతుక్కోవు, వంగుతాయి. విరగలేదు కాబట్టి బిగించలేదని చెప్పలేం."

"వీపు మీద మచ్చలున్నాయన్నారు. దించి వెల్లకిలా పడుకోబెడితే వీపు మీదికే కదా రక్తం దిగేది?"

"చనిపోయిన కాసేపటికే దించితే అలా జరగొచ్చు. ఆ మచ్చలొక్కటే చూసి నేను ఏదీ తేల్చలేదు."

"పైగుర్తు కింద రక్తం లేదు కాబట్టి చచ్చాక పడిందంటారా?"

"అనను. నిజంగా ఉరేసుకున్నవాళ్లలోనూ చాలాసార్లు గుర్తు కింద రక్తం కనిపించదు."

పి.పి.గారు ఇబ్బందిగా కదిలారు. ప్రాసిక్యూషను పిలిచిన సాక్షి డిఫెన్సుకు అన్నీ ఒప్పేసుకుంటోందని ఆయన కంగారు. కానీ అడిగిన ప్రతిదీ నిజమే. నిజమైనదానికి అవునని చెప్పడానికే నన్ను పిలిచారు. కాళ్లు నేలకు తగిలేలా ఉరేసుకుంటే గుర్తు అడ్డంగా కూడా పడొచ్చా అని అడిగారు. పడొచ్చన్నాను. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది.

"అయితే చున్నీ మొదట కింద బిగుసుకుని, బరువుకు పైకి జారి రెండో గుర్తు పడి ఉండొచ్చు. ఒకే ఉరికి రెండు గుర్తులు. సాధ్యమే కదా?"

పుస్తకాల్లో ఉన్న విషయమే. బట్ట జారితే రెండు గుర్తులు పడతాయి. కానీ జారేటప్పుడు అది చర్మాన్ని ఒరుసుకుంటూ పోతుంది, సాధారణంగా ఆ ఒరిపిడి మధ్యలో మిగులుతుంది. రిపోర్టు మూడో పేజీ తిప్పి ఆ చిన్న వాక్యం చదివాను. పైగా మృదులాస్థి విరిగిందీ, కండరాల్లో రక్తం చిమ్మిందీ కింది గుర్తు దగ్గరే, చుట్టూ ఎక్కడా తెగకుండా ఉన్నదీ అదే. వీటన్నిటినీ కలిపి చూస్తే గొంతు బిగించడం వల్లనే ప్రాణం పోయిందన్నది నా అభిప్రాయమని చెప్పాను. పోలీసులకు అనుకూలంగా రిపోర్టు రాశారని సూచిస్తున్నాను అన్నారాయన చివరగా. అది ప్రతి కేసులోనూ ఉండే మాటే, కోపం తెచ్చుకోకూడదు. సరికాదని చెప్పి దిగాను.

ఆ ఒక్క వాక్యం ఆ రోజు రాయకపోయి ఉంటే, చర్మం మామూలుగా ఉండిందని నాకు గుర్తున్నా ఉపయోగం లేదు. లేనిదాన్ని లేదని రాయాలని పీజీ పిల్లలకు పదేపదే చెప్పేది ఇందుకే. అచ్చు ఫారంలో 'మెడ' అన్న గడి ఎదుట అంతా మామూలే అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టిన రిపోర్టులు రెండో అభిప్రాయానికి నా దగ్గరికి వస్తుంటాయి. మెడ తెరిచారో లేదో కూడా వాటిని బట్టి తెలియదు. రాసిన డాక్టర్ని నేను నిందించను. పగలంతా ఓపీ చూసి, ఫోరెన్సిక్‌లో శిక్షణ లేకుండా, సరైన దీపం లేని గదిలో ఒంటరిగా చేసిన పని అది. కానీ దాని మీద ఒక మనిషికి యావజ్జీవం పడొచ్చు, ఒక హంతకుడు ఇంటికి వెళ్లిపోవచ్చు.

పేరున్న నిపుణుడి మాట ఎంత ప్రమాదకరమో చెప్పడానికి క్లాసులో నార్మన్ థోర్న్ కేసు చెబుతాను. ఇంగ్లండులో ససెక్స్‌లోని క్రోబరో దగ్గర కోళ్లఫారం నడిపేవాడు. 1924 డిసెంబరులో అతన్ని చూడటానికి వచ్చిన ఎల్సీ కామెరాన్ కనబడకుండా పోయింది. ఆమె శరీరం ముక్కలు కోళ్ల ఆవరణలో దొరికాయి. తాను బయటికెళ్లి వచ్చేసరికి దూలానికి ఉరేసుకుని ఉందని, భయపడి ముక్కలు చేసి పాతిపెట్టానని అతను చెప్పాడు. ప్రాసిక్యూషను తరఫున సర్ బెర్నార్డ్ స్పిల్స్‌బరీ వచ్చారు. ఆ కాలంలో ఆ దేశంలో ఆయన మాటకు తిరుగులేదు. మెడ మీదున్న గీతలు సహజమైన ముడతలేనని, అందుకే వాటిని మైక్రోస్కోపు కింద చూడలేదని చెప్పారు. శవాన్ని మళ్లీ తవ్వితీయించి పరీక్షించిన డిఫెన్సు డాక్టరు రాబర్ట్ బ్రోంటే, ఆ గీతల కింద కణజాలంలో రక్తం చిమ్మిన జాడ ఉందన్నారు. స్పిల్స్‌బరీ అభిప్రాయం దొరకగల అభిప్రాయాల్లో అత్యుత్తమమని జడ్జి జ్యూరీకి చెప్పారు. 1925 ఏప్రిల్ 22న థోర్న్‌ని ఉరితీశారు. అతను చంపాడో లేదో నేను చెప్పలేను, చంపే ఉండొచ్చు. కానీ అనుమానమున్న చోట చిన్న ముక్క కోసి స్లైడు చేయించి ఉంటే, స్పిల్స్‌బరీ అనే పేరు మీద కాకుండా ఆ స్లైడు మీద వాదన జరిగేది. మెడ గుర్తుల నుంచి ముక్క తీసి హిస్టోపాథాలజీకి పంపకుండా నేను ఏ అనుమానాస్పద కేసూ మూయను.

మన సుప్రీంకోర్టు 1992లో మదన్ గోపాల్ కక్కడ్ కేసులో ఇదే కోణం చెప్పింది. డాక్టరు అభిప్రాయం సలహా లాంటిది, ఏ ఆధారాల మీద ఆ అభిప్రాయానికి వచ్చారో అవన్నీ కోర్టు ముందు పెట్టాలి, తేల్చుకునేది జడ్జి. ఇది మమ్మల్ని తగ్గించడమని కొందరు డాక్టర్లు అనుకుంటారు. నాకది ఊరట. హంతకుడెవరో తేల్చే భారం నా మీద లేదు.

మరణం ఎన్నింటికి జరిగిందో గంటా నిమిషాలతో చెప్పమని ఇరుపక్షాలూ ఒత్తిడి చేస్తాయి. మే నెల ఎండలో శవం బిగుసుకోవడం, సడలడం పుస్తకంలోని గంటల కంటే ముందే జరిగిపోతాయి. వెడల్పైన వ్యవధి చెబుతాను, దాన్ని కుదించమంటే కుదించను. విసెరా సంగతి సరేసరి. ఉప్పు ద్రావణంలో భద్రపరిచి ల్యాబుకు పంపిన సీసాల నివేదిక వచ్చేదాకా మరణ కారణం వాయిదానే.

అన్ని కేసులూ హత్య వైపే తిరగవు. ఇంకో అమ్మాయి విషయంలో పుట్టింటివాళ్లంతా చంపేశారనే అన్నారు. వాళ్లు చెప్పిన వేధింపులు విన్నాక నాకూ మనసు అటే లాగింది. కానీ నోటి మూల నుంచి రొమ్ము మీదికి లాలాజలం కారిన చార తిన్నగా ఉంది. ప్రాణం ఉండగా వేలాడిన మనిషికే అది కారుతుంది. గుర్తు ఏటవాలుగా ఉంది, ఇంకే గాయమూ లేదు. ఉరి అనే చెప్పాను. కోర్టు వరండాలో వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుంది. "డాక్టరమ్మా, నువ్వూ ఒక బిడ్డ తల్లివేగా, ఎంత తీసుకున్నావే?" అంది. ఆమెకు కోపం వచ్చే హక్కుంది. బిడ్డను చావు దాకా నెట్టడం కూడా నేరమేనమ్మా, ఆ కేసు బతికే ఉంది, వేధింపుల సాక్ష్యం చెప్పండి అన్నాను. ఆమె వినే స్థితిలో లేదు. తర్వాత వాళ్ల లాయర్ని కలిసి, ఆత్మహత్యకు పురికొల్పడం మీద దృష్టి పెట్టమని నేరుగా చెప్పాను. అది నా పరిధి దాటిన పనేమో, అయినా చేశాను.

కొత్త నాగరిక సురక్షా సంహిత 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లి ఆధారాలు సేకరించాలి, వీడియో తీయించాలి. రాష్ట్రాలు దీన్ని అమలులోకి తేవడానికి అయిదేళ్ల గడువుంది. ఫ్యాను ఎత్తు, ముడి, పక్కన స్టూలుందా లేదా అన్నవి ఇన్నాళ్లూ నేను పంచనామాలో చదివి ఊహించుకునేదాన్ని. ఇకపై వీడియోలో చూడొచ్చు. మార్చురీల్లోనూ ఇలా ఒక కెమెరా తప్పనిసరి చేయాలని అడుగుతూనే ఉన్నాను.

సాక్ష్యం చెప్పాక తీర్పేమైందో నాకెవరూ చెప్పరు. ఇప్పుడు ఈ-కోర్ట్స్ సైటులో కేసు నంబరు కొట్టి తీర్పు ప్రతి తెచ్చుకుంటున్నాను. డాక్టరు సాక్ష్యం మీద జడ్జిగారు రాసిన పేరాలు ముందు చదువుతాను: ఏది నమ్మారు, ఏది పక్కన పెట్టారు, ఎందుకు. శిక్ష పడిందా లేదా అన్నది ఆ తర్వాత. శనివారం మధ్యాహ్నాలు పీజీలతో కూర్చుని ఆ తీర్పునూ, మా పాత రిపోర్టునూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాం.