రెండో ప్రతి

మా ఇంట్లో కంప్యూటరు ఖరీదెంతని ఎవరైనా అడిగితే ఠక్కున చెప్పగలను. అందులో ఉన్నవాటి ఖరీదెంతంటే మాత్రం నోరు పెగలదు. నాన్నగారి పొలం కాగితాల నకళ్ళు, చెల్లెలి పెళ్ళి ఫోటోలు, రెండేళ్ళుగా నేను రాస్తున్న సిద్ధాంత వ్యాసం, అన్నిటికీ మించి అమ్మమ్మ పోకముందు పాడిన మంగళహారతులు అందులోనే ఉన్నాయి. కంప్యూటరు పోతే మరోటి కొనుక్కుంటాం. అమ్మమ్మ గొంతు ఏ బజారులో దొరుకుతుంది? అంచేత వీటికి రెండో ప్రతి ఉండాలని, బయట తగిలించుకునే హార్డ్ డిస్కు కోసం బయల్దేరాను.

"ఎన్ని టీబీలు కావాలి సార్?" అన్నాడు కొట్టతను. వెనకటికి ఆ మాట వింటే మదనపల్లె దగ్గర ఆరోగ్యవరానికి పరుగెత్తేవాళ్ళు! ఇక్కడ టీబీ అంటే టెరాబైటు. 1956లో ఐబీఎమ్ వారు తెచ్చిన మొదటి హార్డ్ డిస్కులో రెండడుగుల పళ్ళేలు యాభై ఉండేవి. అన్నీ కలిసి పట్టేది సుమారు 5 మెగాబైట్లు, అంటే ఇప్పటి ఫోనులో తీసిన ఒకటి రెండు ఫోటోలు. మన కంప్యూటరు డిస్కుకు రెట్టింపు ఉంటే చాలునని లెక్కేసి ఒక టీబీ అడిగాను. తగిలించాక విండోస్ 931 అని చూపిస్తే కొట్టతని మీదికి వెళ్ళకండి. తయారుచేసినవాడు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. కుంచాలు వేరు, గింజలు అవే.

ఇక రకాలు రెండు. పళ్ళెం తిరిగేది ఒకటి, ఏదీ తిరగనిది, ఎస్ఎస్‌డీ అనేది, మరొకటి. రెండోది చురుకైనది, చెయ్యి జారినా తట్టుకుంటుంది, ధర మాత్రం ఎక్కువ. పైగా ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా మూలపడేస్తే అందులోని రాత చెరిగిపోయే ప్రమాదముంది. నాకు కావలసింది వారానికోసారి బీరువాలోంచి తీసి వాడేది. వేగంతో పనేమిటి? తిరిగే రకమే తీసుకున్నాను. అందులోనూ చిన్నది. పెద్దదానికి వేరే ప్లగ్గు కావాలి, దీనికి యూఎస్‌బీ తీగలోంచి వచ్చే కరెంటే చాలు. తిరుగుతున్నప్పుడు కదపకూడదు, అంతే.

అయితే ఒక్క డిస్కుతో తీరిపోదు. దొంగ వస్తే రెండూ పట్టుకుపోతాడు. ఎప్పుడూ తగిలించే ఉంచితే వైరస్ రెంటినీ కలిపి పాడుచేస్తుంది. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలంటారు తెలిసినవాళ్ళు. ఇది మనకు కొత్తేం కాదు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకులకెక్కి తిరుమల గుళ్ళో భద్రంగా ఉండబట్టే శతాబ్దాల తర్వాత మనకు దక్కాయి.

మూడో ప్రతి ఎస్ఎస్‌డీ మీద చేసి చెల్లెలి ఊరు పంపాను. "అన్నయ్యా, హారతులు బాగానే వినిపిస్తున్నాయి" అని అది ఫోను చేశాకే నాకు నమ్మకం కుదిరింది. మిత్రులారా, దాచుకోవడమే కాదు, అప్పుడప్పుడూ తీసి చూస్తూ కూడా ఉండండి.