మాట విన్న జీపు

తలెత్తితే దిగుతున్న విమానం. ఓ పక్క ఔటర్ రింగ్ రోడ్డు, మరో పక్క బెంగళూరు హైవే. శంషాబాద్ పక్కనున్న తొండుపల్లిలో కాసేపు నిలబడితే, కదలకుండా ఉన్నది మనమొక్కరమేనేమో అనిపిస్తుంది. అలాంటి చోట సర్వీసు రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు. అందులో ముందు చక్రాలు విప్పేసిన పాత మహీంద్రా ఎంఎం 540 జీపు దిమ్మెల మీద కూర్చుని ఉంది. దాని యజమాని ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో... అచ్చం ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న చుట్టంలా!

ఆయనది షాబాద్ వైపు ఓ పల్లె. వయసు అరవై దాటింది. ముప్ఫై ఏళ్లుగా తోటలో పండిన కూరగాయలన్నీ ఈ జీపులోనే మార్కెట్‌కు చేరాయి. ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లకు సామాన్లు మోసిందీ ఇదే. ఇప్పుడు కుడి భుజం పట్టేసింది. నిలబడ్డ చోట స్టీరింగు తిప్పాలంటే ప్రాణం మీదికొస్తోంది. ‘అమ్మేద్దాం నాయినా, కారు కొనుక్కుందాం’ అంటున్నాడు కొడుకు. ఆయన మాత్రం బదులు చెప్పకుండా జీపును ఇక్కడికి తెచ్చేశాడు.

జీపు స్టీరింగు బరువుగా ఉండటానికి కారణం లేకపోలేదు. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపు పోలికలతోనే మహీంద్రా ముంబయిలోని మజ్‌గావ్‌లో జీపుల బిగింపు మొదలుపెట్టింది. ఎంఎం 540 ఆ వంశంలో 1980ల నాటి బిడ్డ. ఈ జీపులో చక్రాలను తిప్పే బలమంతా డ్రైవరు చేతుల్లోంచే రావాలి. స్టీరింగు చక్రం తిప్పితే బాక్సులోని మర కదులుతుంది. దాని వెంట డ్రాప్ ఆర్మ్, డ్రాగ్ లింకు, టై రాడ్డు కదిలి చివరికి చక్రాలు తిరుగుతాయి. నడుమ ఉన్న ఏ ఒక్క కీలు అరిగినా ఆ లెక్క తప్పుతుంది.

‘పవర్ స్టీరింగు ఎక్కించు ఉస్తాద్’ అన్నాడు పెద్దాయన. ఉస్తాద్ ఆ మాట పట్టించుకోలేదు. జీపు కిందికి దూరి, కొడుకును స్టీరింగు అటూ ఇటూ ఊపమన్నాడు. తను మాత్రం ఒక్కో కీలు మీద వేలు పెట్టి చూశాడు. బయటికొచ్చి చెప్పిన మొదటి మాట...

‘ఈ లావు టైర్లు ఎవరు ఎక్కించిన్రు?’

పెద్దాయన కొడుకు వైపు చూశాడు. కొడుకు విమానం వైపు చూశాడు.

కొన్నేళ్ల కిందట జీపు అందంగా కనబడాలని వెడల్పు టైర్లు, బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు వేయించాడట. టైరు ఎంత వెడల్పైతే నేల అంత గట్టిగా పట్టుకుంటుంది, తిప్పడానికి అంత బలం కావాలి. దానికితోడు కింగ్ పిన్ను బేరింగులు గ్రీజు లేక పట్టేశాయి. టై రాడ్డు చివర్లు అరిగిపోయాయి. అంటే ఒకేసారి రెండు రోగాలు: తిప్పబోతే బరువు, తిప్పాక వదులు. వదులు కారణంగా గుంతలో పడ్డప్పుడల్లా ముందు చక్రాలు గజగజలాడేవి.

‘ఇవి బాగు చేయకుండ పవర్ స్టీరింగు పెడితే ఏమైతది పెద్దయ్యా? చేతికి సుఖంగ ఉంటది, లోపల రోగం తెల్వదు. ఒకనాడు రోడ్డు మీద తెలుస్తది’ అన్నాడు ఉస్తాద్. మొత్తం బేరంలో నాకు నచ్చిన మాట అదే. పెద్ద బిల్లు వేసే అవకాశాన్ని చేజేతులా వాయిదా వేసుకునే మెకానిక్కులు మనకెంతమంది తారసపడతారు?

మూడు రోజుల్లో బేరింగులు, టై రాడ్డు చివర్లు మారాయి. సన్నటి టైర్లు వచ్చాయి. ముందు చక్రాల టో-ఇన్ సరిచేశారు. బరువు సగానికి సగం దిగింది. అయినా షెడ్డులో వెనక్కి తిప్పేటప్పుడు పెద్దాయన భుజం పట్టుకున్నాడు. అప్పుడు గానీ అసలు పని మొదలు కాలేదు.

ఇంజిన్ బెల్టుతో తిరిగే చిన్న పంపు నూనెను ఒత్తిడితో స్టీరింగు బాక్సులోకి తోస్తుంది. మనం చక్రం తిప్పగానే బాక్సులోని వాల్వు తెరుచుకుని, నూనె పిస్టన్‌ను ఆ పక్కకే నెడుతుంది. సాయం మాత్రమే నూనెది, దారి చూపేది మన చెయ్యే. ఇంజిన్ ఆగిపోతే స్టీరింగు బరువెక్కుతుంది తప్ప తెగిపోదు. అమెరికా ఇంజినీరు ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే దీన్ని కారుకు బిగించి చూపినా, అమ్మకానికి వచ్చిన కారులో కనబడింది 1951లో, క్రైస్లర్ ఇంపీరియల్‌తో.

కొత్త బాక్సు తోసే తోపుకు పాత ఛాసిస్ ఓర్చుకోవాలి కదా! అందుకే బాక్సు కూర్చునే చోట మందపాటి ఇనప పలక వేసి వెల్డింగు చేశారు. ఆ వెల్డింగు నచ్చక ఉస్తాద్ ఒకసారి గ్రైండరుతో కోయించి మళ్లీ వేయించాడు. షెడ్డు కుర్రాడు గొణిగాడు. ‘ఇది ఊడితే బండి యాడికి పోతదో దేవునికే తెల్వాలె’ అన్నాడు ఉస్తాద్. వాడు మళ్లీ గొణగలేదు.

ఇలాంటి పనికి దిగేవాళ్లు మొదట కాగితాల సంగతి చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదన్నది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే ఖరారు చేసింది. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి ఎలాగూ రిజిస్ట్రేషన్ పొడిగింపు తప్పదు. పెద్దాయన ముందే రవాణా కార్యాలయానికి వెళ్లి అడిగి, బీమా వాళ్లకూ రాతపూర్వకంగా తెలియజేశాకే సరే అన్నాడు. ఈ విషయంలో కొడుకు కంటే ఆయనే నయం.

ట్రయల్‌కు నన్నూ ఎక్కించుకున్నారు. విమానాశ్రయం 2008లో మొదలయ్యాక ఈ చుట్టుపక్కల దారులన్నీ మారిపోయాయి. నర్కూడ వైపు మళ్లితే మాత్రం ఇంకా కాస్త పల్లె మిగిలుంది. అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడి దాకా వెళ్లాం. సినిమా షూటింగులతో ఎందరికో తెలిసిన ఎత్తయిన గోపురం, పక్కన కోనేరు. గుడి ముందు పెద్దాయన జీపును ఒక్క వంపులో తిప్పేసి ఆపాడు. భుజం పట్టుకోలేదు. దిగకుండా మళ్లీ వెనక్కి తిప్పాడు. అవసరం లేకపోయినా!

తిరుగు ప్రయాణంలో కొడుకు తీసుకున్నాడు. హైవే ఎక్కగానే స్టీరింగు అంత తేలిగ్గా తిరుగుతుందని ఊహించక కాస్త ఎక్కువ తిప్పేశాడు. జీపు పక్క వరుసలోకి ఒరిగింది. వెనక లారీ హారన్ మోగింది.

‘రెండు చేతులు పెట్టు బిడ్డా’ అన్నాడు పెద్దాయన మెల్లగా.

షెడ్డు చేరాక ఉస్తాద్ జీపును మళ్లీ దిమ్మెలకెక్కించి ప్రతి బోల్టూ పానాతో పట్టి చూశాడు. హోస్ పైపుల కింద పాత పేపరు పరిచి, నూనె చుక్క పడిందేమోనని పావుగంట కూర్చున్నాడు. పడలేదు.

‘రెండు వందల కిలోమీటర్లు తిరిగినంక మళ్ల తీస్కరా పెద్దయ్యా. బోల్టులు ఇంకోసారి బిగియ్యాలె.’

‘వారానికే తిరుగుత’ అన్నాడు పెద్దాయన, తాళాలు జేబులో వేసుకుంటూ.