పిప్పిపన్ను – మామిడిపండు

పిల్లలూ! వేసవిలో మా విస్సన్నపేటకు వస్తే మీకు చిన్నరసాలు పెడతాను. వరిగడ్డిలో నిదానంగా మాగిన పండు ఒకటి, కార్బైడు పెట్టి తొందరగా రంగు తెప్పించినది ఒకటి పక్కపక్కన ఉంచితే, పైకి రెండూ ఒకటే. రుచి చూస్తేగాని తేడా తెలియదు. ఇటువంటి తేడా తినే పళ్ళలోనే కాదు, నోటి పళ్ళలో కూడా ఉన్నదని నాకు ఆలస్యంగా తెలిసింది.

బడిలో సైన్సు చెప్పే రోజుల్లో నేను ఊడిన పన్ను ఒకటి ఆమ్లంలో వేసి ఉంచేవాణ్ణి. కొన్నాళ్ళకు దాని వేరు మెత్తబడి, గుండుసూది గుచ్చితే దిగేది. "మిఠాయిలు తింటే మీ పళ్ళూ ఇంతే!" అనేవాణ్ణి. ఆ మాట విన్న పిల్లవాడొకడు తన పంటిమీద నల్లమచ్చను ఎవరికీ చూపక దాచుకున్నాడు. "పన్ను ఎలాగూ పోయినట్టే గదా, చెప్పి ఏం లాభం?" అనుకున్నాడట. చివరకు బుగ్గ వాచి, ఆ పన్ను తీయించవలసి వచ్చింది.

ఈమధ్య నాకూ ఒక పంటి వేరు పుచ్చింది. వయసు మళ్ళితే చిగుళ్ళు జారి, పళ్ళ వేళ్ళు బయటపడతవి. పైపంటికి ఉన్న గట్టి పింగాణీ పొర వేరుకు లేదు. అందుచేత కొద్దిపాటి ఆమ్లానికే అది కరుగుతుంది. "పన్ను పోయినట్టేనా?" అని డాక్టరుగారిని అడిగాను. ఆయన పరీక్షించి, "లేదు మాస్టారూ, పుచ్చిన చోటు మళ్ళీ గట్టిపడుతున్నది. జాగ్రత్తగా ఉంటే ఇంతటితో ఆగుతుంది" అన్నారు.

మరి నా సీసాలోని పన్ను ఎందుకు గట్టిపడలేదు?

నోటిలోని సూక్ష్మజీవులు చక్కెరను, పిండిపదార్థాలను ఆమ్లంగా మారిస్తే పళ్ళు పుచ్చుతవని మిల్లర్ అనే దంతవైద్యుడు 1890లో ఒక గ్రంథంలో వివరించాడు. నేటి శాస్త్రజ్ఞులు కూడా ప్రయోగశాలలో ఆమ్లంతోనో, సూక్ష్మజీవులతోనో పంటి వేళ్ళను కొద్ది రోజుల్లో పుచ్చేట్టు చేస్తారు. అన్నీ ఇంచుమించు ఒకే తీరున పుచ్చుతవి గనుక, ఏ మందు ఎంత పనిచేసేదీ పోల్చి చూడవచ్చు.

కాని నోటిలో పుచ్చు పెరగటానికి నెలలు, ఏళ్ళు పడుతుంది. ఆమ్లం తీసుకుపోయిన ఖనిజాన్ని లాలాజలం కొంత తిరిగి తెచ్చి పెడుతుంది. బతికి ఉన్న పన్ను కూడా ఊరుకోదు. తనలోని సన్నని గొట్టాలను ఖనిజంతో పూడ్చుకుని పుచ్చుకు అడ్డుకట్ట వేస్తుంది. నా సీసాలోని పన్నుకు లాలాజలమూ లేదు, ప్రాణమూ లేదు. నష్టమే గాని పోరాటం లేదు.

నా ప్రయోగం అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగం చెప్పనందుకు ఒక పిల్లవాడు పన్ను పోగొట్టుకున్నాడు.

కనుక పిల్లలూ, పంటిమీద మచ్చ కనిపిస్తే ఆ రోజే అమ్మకు చెప్పండి. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడు ఉన్న పేస్టుతో పళ్ళు తోముకోండి. మాటిమాటికీ తీపి తినకండి. పెద్దలారా, పిల్లలు చెబితే కోప్పడకండి. పుచ్చు నిదానంగా వస్తుంది. ఆ నిదానమే పన్నును కాపాడుకునేందుకు మనకు దొరికిన వ్యవధి.